ఉప్పుటేటి తూము దగ్గర: సముద్రంలో చమురు, మన రొయ్యల చెరువులు



ఈసారి రాసింది కాస్త పొడుగే. ఓపికగా చదవమని మనవి. ముఖ్యంగా చెరువుల్లో డబ్బు పెట్టినవాళ్లు, చెరువులున్న ఇంటికి పిల్లనిచ్చినవాళ్లు చివరిదాకా చదవండి.

కిందటి నెల మా ఇంట్లో నలుగురు చుట్టాలు కలిసినప్పుడు సముద్రంలో చమురు ఓడలు మునగడం గురించి మాట వచ్చింది. ఒక పెద్దాయన నవ్వి, "మనకు పడమట కొండలు, ఊరి చుట్టూ నూలు మిల్లులు. తూత్తుకుడి సముద్రం చూడాలన్నా వంద కిలోమీటర్లకు పైగా పోవాలి. ఓడలో నూనె కారితే రాజపాళయం వాడికేం పోయింది?" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన ఆకులో రొయ్యల ఇగురు వడ్డిస్తున్నారు. ఆ మాటకు అక్కడే జవాబు చెప్పి ఉండాల్సింది. పెద్దాయన, పైగా భోజనం మధ్యలో ఉన్నారు, ఊరుకున్నాను. ఆ జవాబే ఇది.

మన రాజుల్లో గోదావరి జిల్లాలవాళ్లకు రొయ్య, చేప అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. భీమవరం చుట్టుపక్కల వరి చేలు చెరువులైన కథ మనందరికీ తెలిసిందే. అక్కడ చాలని కొందరు తొంభైలలో నెల్లూరు తీరానికి వెళ్లి కౌలుకు భూములు తీసుకుని టైగర్ రొయ్య వేశారు. 1994, 95ల్లో తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామీకి అనుమతి. పడుతూ లేస్తూ వచ్చిన ఈ వ్యాపారంలో ఇవాళ ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. రోగం, రేటు, కరెంటు, మేత ధర, ఈ నాలుగింటికీ రైతు ఎప్పుడూ భయపడుతూనే ఉంటాడు. ఐదోది ఒకటుందని, అది సముద్రం మీద నుంచి వస్తుందని అతనికి చెప్పినవాళ్లు తక్కువ.

ముందు ఒక కాలువ కథ చెప్పాలి.

మన ఊరి బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజా గారు 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన తూత్తుకుడి ఉంది, నెల్లూరు, కాకినాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి. ఆ తీరంలో పెద్ద భాగాన్ని కలిపే నీటి దారి ఒకటి ఉండేది, అదే బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన చిన్న ముక్కతో మొదలైంది. దాన్ని కాక్రేన్ కాలువ అనేవారు. తర్వాత ప్రభుత్వం తీసుకుని ఉత్తరానికి పెంచుకుంటూ పోయింది. 1876-78 నాటి మహా కరువులో కూలి పని కల్పించడానికి మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే కాలువకు పెట్టారు. కృష్ణా, గోదావరి కాలువలతో కలిశాక కాకినాడలో పడవ ఎక్కినవాడు మద్రాసులో దిగగలిగేవాడు. బియ్యం, ఉప్పు, కట్టెలు, సున్నపు గుల్ల ఆ నీటి మీదే పట్నానికి చేరేవి.

తుఫానులు కొట్టి, పూడిక పడి ఇప్పుడా కాలువ తుంపులు తుంపులుగా మిగిలింది. అయినా దాని తీరు మారలేదు. దారి పొడుగునా ఉప్పుటేళ్లతో, పులికాట్ సరస్సుతో, నదుల మొగలతో కలుస్తూనే ఉంటుంది. నెల్లూరు వైపు ఎన్నో రొయ్యల చెరువులకు నీళ్లు ఆ కాలువ నుంచి, దానితో కలిసిన ఉప్పుటేళ్ల నుంచి వస్తాయి. నాడు బియ్యం మోసిన దారే 2023లో చమురు మోసింది. అయితే అంతకు ఆరేళ్ల ముందు సంగతితో మొదలుపెట్టాలి.

2017 జనవరి 28, తెల్లవారుజామున నాలుగు గంటల వేళ. ఎన్నూరు దగ్గర కామరాజర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. గ్యాసు దింపి బయటికి వెళ్తున్న బీడబ్ల్యూ మేపుల్ ఒకటి, పెట్రోలియం సరుకుతో లోపలికి వస్తున్న డాన్ కాంచీపురం రెండోది. మొదట చమురేమీ కారలేదన్నారు. తర్వాత కొద్దిగా కారిందన్నారు. రోజులు గడిచేకొద్దీ లెక్క పెరుగుతూ పోయి 200 నుంచి 250 టన్నుల మధ్య తేలింది. ఎర్నావూరు దగ్గర రాళ్ల మధ్య నల్లటి జిగురు పేరుకుపోయింది. దాన్ని తీయడానికి పెద్ద యంత్రాలు అనుకున్నట్టు పనిచేయలేదు. మత్స్యకారులు, కాలేజీ పిల్లలు, కోస్ట్ గార్డ్ జవాన్లు వరసగా నిలబడి బకెట్లతో తోడారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం కావడంతో చచ్చిన తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చేపల బజారులో కొనేవాడు లేడు. చమురు తగలని ఊళ్ల చేపనూ జనం ముట్టలేదు.

ఆ చమురు ఎటు పోయిందన్నది చూడండి. ఎన్నూరు నుంచి దక్షిణానికి, మెరీనా వైపుకు, ఆ కిందికి పోయింది. మన తూర్పు తీరం వెంట నడిచే సముద్ర ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిక్కు మారుతుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా సాధారణంగా దక్షిణానికి నడుస్తుంది. ఫిబ్రవరి తర్వాత వేసవి అంతా ఉత్తరానికి తిరుగుతుంది. అవే ఓడలు రెండు నెలలు ఆలస్యంగా, మార్చి చివర ఢీకొని ఉంటే ఆ నల్లటి జిగురుకు ఉత్తరం దారి, అంటే పులికాట్, కృష్ణపట్నం, నెల్లూరు వైపు దారి తెరిచి ఉండేది. వేసవి పంటకు పిల్ల వేసి, ఎండకు ఇంకిపోయే నీటికి బదులు ఉప్పుటేటి నుంచి తోడుకునే కాలం కూడా అదే. ఆ ఏడాది నెల్లూరు రైతు గండం ప్రవాహం దిక్కు వల్ల తప్పిందే తప్ప ఎవరి ముందుచూపు వల్లా కాదు.

రెండోది 2023 డిసెంబరు. మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచి, డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వరదలో మణలిలోని చెన్నై పెట్రోలియం శుద్ధి కర్మాగారం వైపు నుంచి చమురు వాన నీటితో కలిసి బకింగ్‌హాం కాలువలో పడింది. అక్కడి నుంచి కొసస్తలై నదిలోకి, ఎన్నూరు ఉప్పుటేటిలోకి వెళ్లింది. కర్మాగారంలో వాన నీటిని పట్టే ఏర్పాట్లు సరిగా లేకపోవడమే కారణమని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుంది. పడవలు, వలలు, ఇళ్ల గోడలు, మడ చెట్ల వేళ్లు నల్లబడ్డాయి. గూడబాతుల తెల్లటి రెక్కలకు నూనె పట్టింది. దెబ్బతిన్న మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం 12,500 రూపాయల లెక్కన సాయం ప్రకటించింది. ఏటి మీద బతికే కుటుంబానికి అది ఎన్నాళ్లు వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా బావమరిది భీమవరం దగ్గరివాడు. నెల్లూరు జిల్లాలో ఉప్పుటేటి పక్కన కౌలుకు చెరువులు చేస్తున్నాడు. తుఫాను వెళ్లిన నాలుగైదు రోజులకు రాత్రి పది గంటలకు ఫోను. "బావగారండీ, ఎన్నూరు ఫొటోలు చూశారాండీ? కాలవంతా ఒకటే గదండీ, ఆ నూనె మాదాకా వస్తుందంటారా? నీళ్లు తోడమంటారా, మోటార్లు ఆపమంటారా?" అని అడిగాడు. చరిత్ర గురించి ఇన్ని వ్యాసాలు రాస్తాను గానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తోడితే నూనె భయం. తోడకపోతే వాన నీటికి చెరువులో ఉప్పు తగ్గి రొయ్య నీరసపడిపోతుందన్న భయం. "ఎవరినైనా అడిగావా?" అన్నాను. "ఎవర్ని అడగాలండీ?" అన్నాడు.

తొమ్మిది రోజులు మోటార్లు ఆపుకుని కూర్చున్నాడు. అదృష్టం కొద్దీ నూనె రాలేదు. తర్వాత కలిసినప్పుడు అడిగాను. "ఒకవేళ వచ్చి పంట పోయి ఉంటే, నీకు పోయిందని చూపించడానికి నీ దగ్గర ఏముంది?" మేత లెక్క రాసిన పుస్తకం ఒకటి తెచ్చాడు. కౌలు నోటి మాట మీద నడుస్తోంది. చెరువు రిజిస్ట్రేషను పాత కౌలుదారు పేరు మీద ఉంది, అదీ గడువు దాటిపోయింది. పిల్ల కొన్న బిల్లు లేదు. అంటే కాగితాల లెక్కన ఆ చెరువూ లేదు, అందులో రొయ్యా లేదు, మా బావమరిదీ లేడు.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద దొరికింది చదువుతూ వచ్చాను. తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

చమురు చెరువును మూడు దారుల్లో దెబ్బతీస్తుంది.

మొదటి దారి పిల్ల. భీమవరంలో సముద్రానికి దూరంగా చెరువు ఉన్నవాడు తనకు భయం లేదనుకుంటాడు. కానీ అతను వేసే వనామీ పిల్ల తీరం ఒడ్డున ఉన్న హేచరీలో పుడుతుంది. హేచరీ నడిచేది సముద్రపు నీటి మీద. ఆ పిల్లను కన్న తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో ఉండి, రోగం లేదని తేలాకే హేచరీలకు వెళ్తాయి. నీలాంకరై కూడా సముద్రం ఒడ్డే, ఎన్నూరున్న తీరమే. పెద్ద రొయ్య కన్నా గుడ్డు, పిల్ల చమురుకు చాలా సున్నితం. నీటిలో కరిగిన కొద్దిపాటి చమురు కూడా వాటిని చంపగలదు, లేదా ఎదుగుదల ఆపగలదు. తీరంలో హేచరీలు పది రోజులు నీళ్లు తీయడం ఆపితే లోపల ఊళ్లలో చెరువులు ఎండగట్టుకుని కూర్చోవాల్సిందే.

రెండో దారి తూము. నీటి మీద తేలే తెట్టు కంటికి కనిపిస్తుంది, దాన్ని ఆపవచ్చు. కరిగిన చమురు, అలలకు చిలికి సన్నటి బొట్లుగా మారిన చమురు కనిపించవు. ఒకసారి చెరువులోకి వచ్చాక ఏరేటర్లే దాన్ని అడుగుదాకా కలిపేస్తాయి. అడుగు మట్టికి పట్టిన చమురు ఒక పంటతో పోదు. మనవాళ్లు ఏ నీరైనా బ్లీచింగ్ వేస్తే శుభ్రమైపోతుందనుకుంటారు. బ్లీచింగ్ రోగం మోసే పురుగును చంపుతుంది, చమురును తీయదు. సబ్బు నీళ్లు, డిటర్జెంటు చల్లితే ఇంకా చేటు. పైన తేలుతున్న నూనెను విరగ్గొట్టి నీటిలోకి దింపుతుంది. అప్పటిదాకా తూము పలక దగ్గర ఆగిన నూనె దాని కింద నుంచి లోపలికి వస్తుంది.

మూడో దారి బజారు. ఇదే అన్నిటికన్నా పెద్ద దెబ్బ. రొయ్య చావనక్కర్లేదు, కిరోసిను వాసన వస్తే చాలు. మిషన్లు పట్టుకోలేని స్వల్ప మోతాదును కూడా మనిషి ముక్కు, నాలుక పట్టేస్తాయి. చేప తన కాలేయంతో చమురును కొంత విరగ్గొట్టుకుని, మంచి నీటిలో ఉంచితే కొంతకాలానికి శుభ్రపడుతుంది. ఆలిచిప్పలు, గుల్లలు నీటిని వడపోసుకుని బతుకుతాయి గనుక చమురును ఒంట్లో పోగు చేసుకుంటాయి, త్వరగా వదలవు. రొయ్య ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. ఒక్క కంటైనరు వాసన వల్ల వెనక్కి వస్తే ఆ తీరం పేరే చెడుతుంది. చమురు తగలని చెరువు రైతుకు కూడా రేటు పడిపోతుంది.

ఈ మూడూ ప్రపంచంలో ఎక్కడెక్కడ ఎలా జరిగాయో చూద్దాం.

1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ఓడ ఇంగ్లండు నైరుతి మూల రాళ్లకు కొట్టుకుంది. సుమారు 1,19,000 టన్నుల ముడి చమురు. ఏం చేయాలో ఎవరికీ తెలియదు. చివరికి విమానాలతో బాంబులు వేసి కాల్చబోయారు. ఒడ్డున వేల టన్నుల డిటర్జెంట్లు కుమ్మరించారు. రాళ్లను అంటుకుని బతికే గుల్లలకు, పీతలకు చమురు చేసిన చేటు కన్నా ఆ మందు చేసిన చేటు ఎక్కువని తర్వాత తేలింది. ఆ ప్రమాదం నుంచే 1969లో ఓడ యజమాని నష్టం కట్టాలనే అంతర్జాతీయ ఒప్పందం, 1971లో దానికి తోడుగా పరిహార నిధి ఒప్పందం పుట్టాయి. 1992లో రెండిటినీ సవరించారు. సవరించిన ఒప్పందాల్లో మన దేశమూ ఉంది.

1978 మార్చి 16న ఫ్రాన్సులోని బ్రిటనీ తీరంలో అమోకో కాడిజ్ విరిగింది. 2,23,000 టన్నులు. అక్కడి నదీ మొగల్లో, మన ఉప్పుటేళ్ల లాంటి చోట్ల, తరతరాలుగా ఆలిచిప్పలు పెంచేవారు. సుమారు 9,000 టన్నుల ఆలిచిప్పలను వాళ్లే తీసి నాశనం చేశారు. అన్నీ చచ్చిపోయి కాదు. చమురు పట్టిన సరుకు ఒక్కటి బజారుకు వెళ్లినా బ్రిటనీ ఆలిచిప్ప అంటేనే జనం మొహం తిప్పుకుంటారని. పరిహారం కోసం ఆ తీరపు ఊళ్లు అమెరికా వెళ్లి షికాగో కోర్టులో కేసు వేశాయి. అది 1992 దాకా సాగింది. పద్నాలుగేళ్లు! అన్నేళ్లు నిలబడగలిగారంటే చిన్న చిన్న ఊళ్లన్నీ ఒక్క సంఘంగా కలిసి ఖర్చు పంచుకున్నందువల్లే.

1993 జనవరి 5న స్కాట్లండుకు ఉత్తరాన షెట్లండ్ దీవుల్లో బ్రేయర్ ఓడ తీరానికి కొట్టుకుంది. 84,700 టన్నుల తేలికపాటి ముడి చమురు. ఆ వారమంతా పెనుగాలి. అలలు చమురును చిలికి చిలికి నీటిలో కలిపేశాయి. పెద్ద తెట్టు కట్టలేదు, ఒడ్డు పెద్దగా నల్లబడలేదు. చూసినవాళ్లు బతికిపోయామనుకున్నారు. కానీ ఆ నీటిలో పంజరాల్లో సాల్మన్ చేప పెరుగుతోంది. చేప బతికే ఉంది, వాసన పట్టింది. ప్రభుత్వం కొంత మేర సముద్రాన్ని గీత గీసి, అందులో పట్టుబడి నిషేధించింది. లోపలున్న లక్షల చేపలను చంపి పారేశారు. గుల్లల మీద నిషేధం ఏళ్ల తరబడి ఉండిపోయింది. కంటికి నూనె కనిపించడం లేదు గనుక భయం లేదనే మాట ఎవరైనా అంటే వాళ్లకు షెట్లండ్ కథ చెప్పండి.

నాలుగోది దక్షిణ కొరియా. మన సంఘం ముఖ్యంగా వినాల్సింది ఇదే. 2007 డిసెంబరు 7న తేయాన్ తీరంలో లంగరు వేసి ఉన్న హెబై స్పిరిట్ అనే ట్యాంకరును తాడు తెగిన క్రేను బార్జి ఒకటి వచ్చి గుద్దింది. సుమారు 10,900 టన్నుల చమురు కారింది. ఆ తీరమంతా ఆలిచిప్పల పెంపకం, సముద్రపు నాచు పెంపకం. దేశం నలుమూలల నుంచి పది లక్షలకు పైగా జనం స్వచ్ఛందంగా వచ్చి చలిలో ఒక్కో రాయిని గుడ్డతో తుడిచారు. అంత మంచి కథలో ఒక చేదు ముక్క ఉంది. పరిహారం కోసం లక్షకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పరిహార నిధివాళ్లు ప్రతి ఒక్కరినీ అడిగినవి రెండే: నీకు లైసెన్సు ఉందా? నిరుడు ఎంత పట్టావో కాగితం ఉందా? అనుమతి లేకుండా పెంచుతున్న చోట్లు, లెక్క రాయని చిన్న రైతులు ఆ ప్రశ్నల దగ్గరే ఆగిపోయారు. నష్టం నిజమే, చేతులు నల్లబడ్డ మాట నిజమే, కాగితం మాత్రం లేదు. తర్వాత తేయాన్ ప్రజల శుభ్రత పనికి సంబంధించిన రికార్డులన్నీ పోగు చేస్తే, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ స్మృతి జాబితాలో చోటు దొరికింది. ఆ ఊరు కాగితం విలువ అంత ఖరీదు కట్టి నేర్చుకుంది.

తేయాన్ కథ చదువుతుంటే నాకు మా బావమరిది మేత పుస్తకమే కళ్ల ముందు ఆడింది.

"అంత పెద్ద ప్రమాదం మన వైపు జరుగుతుందా?" అంటారేమో. 2020 సెప్టెంబరు 3న కువైట్ నుంచి మన పారాదీప్‌కు సుమారు 2,70,000 టన్నుల ముడి చమురు తెస్తున్న న్యూ డైమండ్ అనే ఓడకు శ్రీలంక తూర్పున ఇంజను గదిలో మంటలు అంటుకున్నాయి. ఒక నావికుడు చనిపోయాడు. మన కోస్ట్ గార్డ్, నావికాదళం, శ్రీలంక వాళ్లు కలిసి రోజుల తరబడి పోరాడి ఆర్పారు. కొంత డీజిలు కారింది గానీ ముడి చమురు ట్యాంకులు నిలబడ్డాయి. ఎన్నూరులో 250 టన్నులకే బకెట్లు పట్టాం. ఆ ఓడలో ఉన్నది దానికి వెయ్యి రెట్లు.

ఇంకా దగ్గరిది కావాలంటే మన పడమటి కొండ అవతల చూడండి. 2025 మే 25న ఎంఎస్‌సీ ఎల్సా 3 కొచ్చి దగ్గర మునిగిపోయింది. 640 కంటైనర్లు, ట్యాంకుల్లో 367 టన్నుల ఫర్నేస్ ఆయిలు. దానిలోంచి చిందిన ప్లాస్టిక్ గుళికలు కన్యాకుమారి తీరం దాకా కొట్టుకొచ్చాయి. కొండ ఇవతల ఉన్నాం గనుక మనకు దూరమనిపించింది, అంతే.

ఇక మనం చేయగలిగింది. వల వేసే మత్స్యకారుడికి సముద్రానికి తలుపు లేదు. చెరువు రైతుకు తూము ఉంది. ఆ తూమును ఎప్పుడు మూయాలో తెలిస్తే సగం గండం గట్టెక్కినట్టే.

వార్త వినగానే ముందు మోటారు ఆపాలి, తూము దించాలి, తర్వాత వివరం కనుక్కోవాలి. ఆపిన రోజుల్లో మేత తగ్గించి, ఏరేటర్లు నడుపుకుంటూ, పక్కన ఒక చెరువులో ముందే నిల్వ ఉంచిన నీటితో నెట్టుకురావాలి. అందుకే ఉప్పుటేటి మీద ఆధారపడ్డవాళ్లకు నిల్వ చెరువు ఒకటి ఉండాలి. రోగం రాకుండా చూసుకోవడానికీ అదే పనికొస్తుంది.

ఎవర్ని అడగాలి అన్న మా బావమరిది ప్రశ్నకు జవాబు ఇది. సముద్రంలో చమురు ప్రమాదాలకు దేశం మొత్తానికి బాధ్యత కోస్ట్ గార్డ్‌ది, వాళ్ల అత్యవసర నంబరు 1554. తెట్టు ఎటు పోతుందో ప్రవాహాలు, గాలి లెక్కగట్టి చెప్పే సంస్థ హైదరాబాదులోనే ఉంది. సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారు. ఉప్పునీటి చెరువుల విషయంలో సలహాకు చెన్నైలో కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ, సీబా ఉంది. ముందు జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు ఫోను చేసినా కబురు పైకి వెళ్తుంది.

నూనె రాకముందే నీరు, మట్టి, నాలుగు రొయ్యలు శుభ్రమైన గాజు సీసాల్లో పెట్టి తేదీ రాసి ఉంచుకోవాలి, రొయ్యను ఐసులో గడ్డకట్టించాలి. ప్లాస్టిక్ వద్దు. ముందు నా చెరువు శుభ్రంగా ఉందని చూపించలేనివాడు తర్వాత చెడిందని నిరూపించలేడు. ఫొటోలు తేదీతో తీయాలి. వాసన అనుమానముంటే ఆ పంట బజారుకు పంపకండి. బ్రిటనీవాళ్లు 9,000 టన్నులు ఎందుకు పారేశారో గుర్తు చేసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. తీరప్రాంతంలో ఉప్పునీటి చెరువుకు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషను కావాలి, గడువు అయ్యాక తిరిగి చేయించాలి. లోపలి ఊళ్ల చెరువులకు రాష్ట్ర ఆక్వా అథారిటీ ఉంది. కౌలు కాగితం మీద ఉండాలి. పిల్ల బిల్లు, మేత బిల్లు, పట్టుబడి చీటీ, కౌంటు, రేటు, కనీసం మూడేళ్లవి దాచాలి. ఓడ చమురు నష్టానికి అంతర్జాతీయ నిధి దగ్గర హక్కు అడగాలంటే నష్టం జరిగిన మూడేళ్లలోపే అడగాలి. అది చమురు మోసే ట్యాంకరుకు వర్తిస్తుంది. మామూలు ఓడ తన ఇంజనుకు వాడే చమురుకు 2001 నాటి వేరే ఒప్పందం ఉంది. 2023లో లాగా నేల మీది కర్మాగారం నుంచి వస్తే ఈ రెండూ పనికిరావు, హరిత ట్రిబ్యునల్, కోర్టులే దారి. ఏ దారి పట్టినా మొదట అడిగేది మాత్రం ఒకటే, కాగితం.

మన సంఘానికి నా మనవి ఒక్కటే. మనం పిల్లల చదువులకు ఫారాలు నింపి పెడతాం, పెళ్లి సంబంధాలకు జాబితాలు రాస్తాం. అలాగే, చెరువులు చేసే మన బంధువుల ఇళ్లకు ఫోను చేసి, "రిజిస్ట్రేషను ఎవరి పేరు మీద ఉంది? గడువెప్పుడు?" అని అడుగుదాం. ఫారం నింపడం రానివాళ్లకు మన కుర్రాళ్లు కూర్చుని నింపి పెట్టాలి. పెద్ద ఖర్చేమీ లేదు, రెండు ఆదివారాల పని. వేరే కులంవాళ్లయినా, చెరువు పక్క చెరువు రైతైనా అడిగితే చేసి పెడదాం. ఉప్పుటేటి నీరు గట్టు గట్టుకూ మారదు కదా.

మా బావమరిది పోయిన ఏడాది కౌలు కాగితం రాయించుకున్నాడు. రిజిస్ట్రేషనుకు దరఖాస్తు పెట్టాడు. తూము దగ్గర షెడ్డులో ఒక అల్మరా కొన్నాడు, అందులో పది గాజు సీసాలు. మొన్న ఫోనులో, "బావగారండీ, ఈసారి నూనె వస్తే రానీండి, చూపించడానికి నా దగ్గర ఉందండీ" అని నవ్వాడు. రాకూడదనే కోరుకుందాం.

ఆ రోజు మా ఇంట్లో భోంచేసిన పెద్దాయన ఇది చదువుతారని తెలుసు. బాబాయ్ గారూ, రాజపాళయం వాడికేం పోయింది అన్నారు కదా. మీ మేనకోడలి కుటుంబం చెరువులు ఏ కాలువ మీద ఉన్నాయో ఒక్కసారి అడిగి చూడండి.

తప్పులేమైనా కనిపిస్తే చెప్పండి, సరిదిద్దుకుంటాను. చెరువులున్న బంధువులకు తప్పకుండా పంపండి.